తెరచాప పొట్టను మార్చిన తాడు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే పడమటి గాలి అనంతగిరి కొండలు, పూడూరు దాటుకుని హైదరాబాద్ మీదికొస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో పందెం పడవలకు అదే అదను. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ నడిపే మాన్సూన్ రెగట్టా ఈ గాలిని నమ్ముకున్నవే.

అలాంటి గాలికి తగ్గట్టు తెరచాపను సవరించే విద్య గురించి మామూలుగా వినిపించే చరిత్ర చిన్నది. చాప కూడా విమానం రెక్క లాంటిదేనని మాన్‌ఫ్రెడ్ కరీ 1925లో జర్మన్‌లో రాసిన పుస్తకం చెప్పింది, శాస్త్రం దారి చూపింది, తాళ్లూ పుల్లీలూ దాని వెనకే వచ్చాయి అంటారు. ఇందులో కొంత నిజముంది. కానీ తాళ్లు శాస్త్రం కోసం ఆగలేదు.

నూలు చాపల కాలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గాలి పెరిగితే గుడ్డ సాగి, చాప పొట్ట, అంటే గాలికి ఉబ్బే భాగం, వెనక్కి జరిగేది. ముందు అంచును బిగించి దాన్ని మళ్లీ ముందుకు లాగేవారు. 1950లలో టెరిలీన్, డాక్రాన్ చాపలు వచ్చి ఆ సాగుడును బాగా తగ్గించాయి.

అసలు మలుపు కన్నింగ్‌హామ్ తాడు. 1958లో కొలంబియా పడవను నడిపి అమెరికాస్ కప్ గెలిచిన బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ పేరే దానికి స్థిరపడింది. దీని అవసరం ఎందుకు వచ్చిందో చూస్తే కొలతల నిబంధన దగ్గర తేలుతుంది. చాప ఎంత ఎత్తు లేవచ్చో, ఎంత కిందికి దిగవచ్చో మాస్ట్ మీద నల్ల పట్టీలు గీసి ఉంటాయి. తక్కువ గాలికి ఆ ఎత్తు మొత్తాన్నీ వాడుకునేలా చాప కుట్టిస్తే, గాలి హెచ్చినప్పుడు ఇంకా పైకి లాగి బిగించడానికి చోటు మిగలదు. అందుకే ముందు అంచులో, కింది మూలకు కాస్త పైన రంధ్రం చేసి, అందులోంచి తాడు దూర్చి కిందికి లాగారు. పట్టీలు దాటకుండానే అంచు బిగిసింది. అంటే ఈ తాడును పుట్టించింది గాలి సూత్రాల కంటే నిబంధనే. సాగని గుడ్డ సాయం కూడా ఉంది, కాదనలేం. లాగిన ఆకారం నిలిచేది దానివల్లే. పొట్ట ముందుకు జరిగితే ఏమవుతుందో శాస్త్రం వివరించింది, ఆ గౌరవం దానికి దక్కాలి.

1948 నుంచి 1960 దాకా వరుసగా నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన పాల్ ఎల్వ్‌స్ట్రోమ్, చాప కింది అంచు వెంట ఉండే బూమ్ కర్రను కిందికి పట్టి ఉంచే వాంగ్ తాడును పడవ పందేల్లో ప్రాచుర్యంలోకి తెచ్చాడు.

ఈ రెండు తాళ్లూ చిన్న పడవలో ఎలా కలిశాయో లేజర్‌లో చూడాలి. బ్రూస్ కర్బీ గీసిన ఈ పడవ 1971లో మార్కెట్‌కొచ్చింది, 1996లో ఒలింపిక్స్‌కు చేరింది. ఇప్పుడు దాన్ని ఇల్కా అంటున్నారు. చాపను పైకి లాగే తాడే ఇందులో లేదు. చాపను గొట్టంలా మాస్ట్‌కు తొడుగుతారు. ముందు అంచును బిగించాలంటే కన్నింగ్‌హామే దిక్కు. ఎదురుగాలిలో జోరు పెరిగితే వాంగ్ లాగాలి, మాస్ట్ వంగి చాప పలచబడుతుంది. తర్వాత కన్నింగ్‌హామ్‌ను అడ్డముడతలు పోయేదాకా, ఇంకా గట్టి గాలైతే అంతకు మించి లాగాలి. అప్పుడు చాప పైభాగంలో వెనక అంచు తెరుచుకుని, పడవను ఒరగదీసే బలం బయటికి జారిపోతుంది. పందెం దారిలోని మలుపు గుర్తు చుట్టి గాలివాలుకు తిరగగానే రెండూ వదిలేయాలి.

ఈ శతాబ్దం మొదట్లో ఈ తాళ్లకు అదనపు పుల్లీలను లేజర్ నిబంధనలు అనుమతించాయి. ఇది మంచి మార్పే. కండబలం తక్కువున్నవాళ్లూ పరుగు మధ్యలో చాప సవరించుకోగలుగుతున్నారు. ఇదే పడవలో 7.06 చదరపు మీటర్ల చాపున్న ఇల్కా 7 బరువైన నావికులకైతే, 5.76 చదరపు మీటర్ల చాపున్న ఇల్కా 6 మీదే 2008 నుంచి మహిళల ఒలింపిక్ పోటీ జరుగుతోంది. భారత నావికురాలు నేత్రా కుమనన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లలో పోటీ పడింది దాని మీదే.

అయితే తాడు మీద గుర్తులు పెట్టుకుని, ఇంత గాలికి ఇంత లాగాలని అంకెలు బట్టీ పట్టించే పద్ధతి ఒకటి బలపడింది. సముద్రం మీద నిలకడగా వీచే గాలికి అది కొంతవరకు పనికొస్తుంది. చుట్టూ భవనాలున్న హుస్సేన్‌సాగర్‌లో గాలి దిక్కు, జోరు నిమిషాల్లో మారతాయి. మొదటి గుర్తు దగ్గర సరిపోయిన బిగువు రెండో గుర్తుకు చేరేలోపు పడవను చంపేస్తుంది. ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవలో నేర్చుకునే పిల్లలు చాపను ఐమూలగా ఎత్తిపట్టే కర్రను బిగిస్తూ, వదులుతూ చాప మీద ముడత ఎటు పడుతుందో కళ్లతో చూసే నేర్చుకుంటారు. వాళ్లు పెద్ద పడవకు మారగానే ఆ చూపును పక్కన పెట్టించి అంకెలు అప్పజెప్పడం శిక్షణలో స్పష్టమైన లోపం.