మెత్తని గొంతుకు పునాది ఏది?

అమెరికాలో ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన 1968 నుంచి 2001 దాకా పిల్లలకోసం ఒక టెలివిజన్ కార్యక్రమం నడిపాడు. ఇంట్లోకి వచ్చి, కోటు విప్పి, స్వెట్టరు తొడుక్కుని, బూట్లు మార్చుకుని, నింపాదిగా కబుర్లు చెప్పేవాడు. బొమ్మల రాజ్యంలో ఒక చిన్న కథ నడిచేది. అంతకు మించిన ఆర్భాటం ఏదీ ఉండేది కాదు. 2003 ఫిబ్రవరి 27న ఆయన చనిపోయాడు. అయినా 2018లో ఆయనపై డాక్యుమెంటరీ చిత్రం, 2019లో టామ్ హాంక్స్ నటించిన కథాచిత్రం వచ్చాయి. ఆ దేశంలో ఎక్కడ ఏ ఘోరం జరిగినా జనం ఆయన మాటలే వెదికి తీసి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇంతటి ఆదరణకు మూలమేమిటి?

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఆయన స్వతహాగా పుణ్యాత్ముడు, అందుచేత జనం మరచిపోలేకపోతున్నారన్నది మొదటిది. ఇదంతా మధ్యతరగతివారి తీయని కల, వర్గసమాజపు గాయాలకు పూసే వెన్న అన్నది రెండవది. ఈ రెండవ మాట మన శిబిరంలో తరచు వినబడుతుంది. మొదటి జవాబు వ్యక్తిని చరిత్రలోనుంచి పెరికివేస్తుంది. రెండవది చరిత్ర పేరు చెప్పి వ్యక్తి చేసిన పనిని చూడనే చూడదు. నా దృష్టిలో రోజర్స్ మెత్తదనం స్వభావం మాత్రమే కాదు, అదొక పనివిధానం. ఆ పని సాగడానికి లాభాపేక్ష లేని ఒక సంస్థ అవసరమైంది. ఈ రెంటినీ కలిపి చూస్తేగాని ఆయన ఆకర్షణ మనకు అర్థం కాదు.

రోజర్స్ 1928 మార్చి 20న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాట్రోబ్ పట్టణంలో కలిగిన ఇంట పుట్టాడు. తండ్రి ఇటుకల కంపెనీ నడిపేవాడు. ఉక్కు కొలుములకు కావలసిన ఇటుకలు అక్కడ తయారయ్యేవి. 1951లో రోజర్స్ సంగీతంలో పట్టా పుచ్చుకున్నాడు. ఆ రోజులలోనే తల్లిదండ్రుల ఇంట్లో టెలివిజన్ చూశాడు. మనుషులు ఒకరి ముఖాన ఒకరు తినే పదార్థాలు విసురుకోవడమే అందులో వినోదం! అది ఆయనకు రోత పుట్టించింది. ఇంత గొప్ప సాధనాన్ని ఇందుకా వాడడం అనుకుని, దూరంగా తొలగిపోక, అందులోనే ప్రవేశించాడు. న్యూయార్కులో ఎన్.బి.సి. వారి వద్ద పని నేర్చి, 1953లో దానిని వదులుకుని పిట్స్‌బర్గ్‌కు వచ్చాడు. అక్కడ కొత్తగా నెలకొల్పుతున్న డబ్ల్యు.క్యు.ఇ.డి. కేంద్రం 1954 ఏప్రిల్ 1న ప్రసారాలు మొదలుపెట్టింది. అది వ్యాపార ప్రకటనల మీద గాక ప్రజల చందాల మీద ఆధారపడిన కేంద్రం. 1961 దాకా ఆయన తెర వెనుక ఉండి బొమ్మలాడించాడు. చప్పుడు కాకుండా అటూ ఇటూ తిరగడానికి అప్పుడు తొడుక్కున్న గుడ్డబూట్లే తరువాత దేశమంతటికీ పరిచితమయ్యాయి.

1963లో ఆయన ప్రెస్బిటీరియన్ పాదిరీ అయ్యాడు. అయినా కార్యక్రమంలో మతబోధ చేయలేదు. ఆయన ఆధారపడినది శాస్త్రంమీద. శిశుమనస్తత్వ శాస్త్రజ్ఞురాలు మార్గరెట్ మెక్‌ఫర్లాండ్‌తో, 1988లో ఆమె మరణించే దాకా, క్రమం తప్పకుండా చర్చించేవాడు. ప్రతి మాటా పసివాడి చెవికి ఎట్లా వినబడుతుందో తూచి చూసేవాడు. చూపులేని ఒక పాప, తొట్టిలోని చేపలు ఆకలితో ఉన్నాయేమోనని బెంగ పెట్టుకున్నదని ఇంటివారు ఉత్తరం రాశారు. ఆ తరువాత ఆయన చేపలకు మేత వేస్తూ ఆ సంగతి పైకి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఒక నిమిషమంటే ఎంతసేపో చూపడానికి గడియారం పెట్టి, ఆ నిమిషమంతా మాట్లాడకుండా ఊరుకున్నాడు. వ్యాపార టెలివిజన్‌లో ఆ నిమిషం అమ్ముడుపోయే సరుకు. అక్కడ మౌనానికి చోటెక్కడిది? నెమ్మదిగా మాట్లాడడమంటే సమయం ఖర్చుపెట్టడం. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న 1969 మే 1న అమెరికా సెనేటు ఉపసంఘం ముందుకు సూటిగా వచ్చింది. 1967 చట్టంతో ఏర్పడిన ప్రజా ప్రసార సంస్థకు 2 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నది ప్రతిపాదన. వియత్నాం యుద్ధానికి ధారాళంగా ఖర్చుచేస్తున్న నిక్సన్ ప్రభుత్వానికి ఈ పద్దు బరువైంది. దానిని సగానికి తగ్గించాలనుకున్నది. రోజర్స్ ఆరేడు నిమిషాలు మాట్లాడాడు. తన కార్యక్రమం ఒకటికి 6,000 డాలర్లు పడుతుందని, ఆ సొమ్ముతో కార్టూను చిత్రం రెండు నిమిషాలు కూడా తయారు కాదని లెక్క చెప్పాడు. కోపం వచ్చిన పిల్లవాడు దానిని ఎట్లా అదుపు చేసుకోవాలో చెప్పే తన పాట చదివి వినిపించాడు. అంతవరకు విసుగ్గా ఉన్న అధ్యక్షుడు జాన్ పాస్టోర్, 2 కోట్లూ నీవు సంపాదించుకున్నట్టే అన్నాడు. ఈ ఘట్టాన్ని మంచితనం సాధించిన విజయంగా చెప్పుకోవడం పరిపాటి. నేను మాత్రం దీనిని బడ్జెటు పోరాటంగానే చదువుతాను. ఆనాడు రోజర్స్ అడిగింది ప్రజల సొమ్ములో పిల్లల వాటా.

ఆ వాటాతో ఆయన చేసినదేమిటి? 1968 ఫిబ్రవరి 19న దేశవ్యాప్త ప్రసారం మొదలైంది. ఆ మొదటి వారంలోనే బొమ్మల రాజు, మార్పు అంటే భయపడి, సరిహద్దుకు ముళ్లకంచె వేయించి కాపలా పెట్టిస్తాడు. శాంతి సందేశాలు కట్టిన బుడగలు ఎగిరి వచ్చాకగాని అతని మనసు మారదు. అది వియత్నాంలో టెట్ దాడుల సమయం. అదే జూన్‌లో రాబర్ట్ కెనెడీ హత్య జరిగినప్పుడు, హత్య అంటే ఏమిటని ఒక బొమ్మపులి చేత అడిగించి, పిల్లల భయం గురించి పెద్దలతో మాట్లాడాడు. 1969 మే 9న, సెనేటు విచారణ జరిగిన ఎనిమిదవ రోజున, పోలీసు వేషం ధరించిన నల్లజాతి గాయకుడు ఫ్రాంస్వా క్లెమన్స్‌ను పిలిచి, ఒకే చిన్న తొట్టిలో పక్కపక్కన కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకే తువ్వాలు. ఆ పిట్స్‌బర్గ్‌లోనే 1931లో హైలాండ్ పార్కు ఈతకొలనులో దిగిన నల్లవారిని కొట్టి తరిమారు. 1964లో ఫ్లోరిడాలో ఒక హోటలు యజమాని, నల్లవారు దిగారని తన కొలనులో ఆసిడ్ పోశాడు. ఈ చరిత్ర తెలిస్తే ఆ తొట్టిలోని నీళ్లకు ఎంత అర్థమున్నదో తెలుస్తుంది.

అయితే పరిమితులు కూడా చెప్పవలసిందే. స్వలింగ సంపర్కుల బారుకు వెళ్లిన సంగతి తెలిసినప్పుడు, అది బయటపడితే కార్యక్రమంలో ఉండడం సాధ్యంకాదని రోజర్స్ తనతో చెప్పినట్టు క్లెమన్స్ తరువాత వెల్లడించాడు. విరాళాలిచ్చే కంపెనీలు జారిపోతాయన్న భయం అందుకు ఒక కారణం. ప్రజాధనం చాలని చోట దాత నీతే సంస్థ నీతి అవుతుంది. ఇంకొకటి: 1981లో ఆయన రంగుల క్రేయాన్లు తయారయ్యే ఫ్యాక్టరీని చూపాడు. వస్తువు వెనుక మనిషి చేయి ఉందని పిల్లలకు తెలియజెప్పడం గొప్ప పని. కాని ఆ చేతికి దక్కే కూలి ఎంతో, ఫ్యాక్టరీ ఎవరిదో అందులో లేదు. 1986లో పిట్స్‌బర్గ్ సమీపాన హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం మూతబడింది. తండ్రి కొలువు పోయిన పిల్లవాడికి దుఃఖాన్ని ఎట్లా ఓర్చుకోవాలో రోజర్స్ నేర్పగలడు. కొలువు ఎందుకు పోయిందో ఆయన చెప్పలేదు. ఆయన ప్రపంచంలో ఇరుగుపొరుగులున్నారు, వర్గాలు లేవు.

అయినా ఈ కొరత వల్ల ఆ పని విలువ కొట్టివేయరాదు. పిల్లవాడిని కొనుగోలుదారుగా చూడని పెద్దమనిషి ఒకడు ప్రతిరోజూ ఎదురుగా కూర్చుని, నీవు ఉన్నట్టుగానే నాకు ఇష్టమని చెప్పాడు. 1984లో బర్గర్ కింగ్ కంపెనీ ఆయనను అనుకరిస్తూ ప్రకటన తీస్తే, పిల్లలు తానే ఆ తిండి అమ్ముతున్నానని భ్రమపడతారని చెప్పి మాన్పించాడు. తమకు ఏదీ అమ్మజూపని ఆ గొంతును నాటి పిల్లలు పెద్దవారయ్యాక కూడా మరచిపోలేదు. చుట్టూ ఉన్న ప్రతి గొంతూ ఏదో ఒకటి అమ్ముతున్న కొద్దీ దాని విలువ పెరిగింది. ఆయన ఆకర్షణ తరగకపోవడానికి కారణం ఇదే.

ఈ జ్ఞాపకాన్నే ఇప్పుడు నిద్రమందుగా వాడుతున్నారు. 2018 అక్టోబరు 27న ఆయన నివసించిన స్క్విరెల్ హిల్ పేటలోనే యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని కాల్చి చంపారు. ఆపదలో సాయం చేసేవారి వైపు చూడమని పిల్లలకోసం ఆయన చెప్పిన మాటను పెద్దలు తమకే చెప్పుకుని ఊరట పొందారు. కాని పెద్దలు చేయవలసింది చూడడం కాదు, తుపాకులు అమ్మేవారిని నిలదీయడం. 2025 జూలైలో అమెరికా కాంగ్రెసు ప్రజా ప్రసారాలకు అంతకుముందు మంజూరుచేసిన 110 కోట్ల డాలర్లను రద్దుచేసింది. ఆగస్టులో ఆ సంస్థ తన పని ముగిస్తున్నట్టు ప్రకటించింది. 1969లో రోజర్స్ వాదించి నిలబెట్టినది ఆ సంస్థ నిధులనే.

మంచివాళ్లు ప్రతి తరంలోనూ పుడతారు. వారి మంచితనం కోట్లమంది పిల్లలకు అందాలంటే ఎవరి లాభానికీ తాకట్టుపడని బడి, గ్రంథాలయం, ప్రసారకేంద్రం కావాలి. రోజర్స్‌ను ప్రేమించేవారు ఆయన స్వెట్టరును మ్యూజియంలో భద్రపరిచారు. ఆయన నిలబడిన నేలను కాపాడుకోవడం అంతకన్న కష్టమైన పని. అది అక్కడి ప్రజలదీ, ఉపాధ్యాయులదీ.