ఇల్లు కొనే ముందు ఇన్‌స్పెక్షన్: ఏం చూస్తారు, ఏం చూడరు?

హైదరాబాద్‌లో ఫ్లాట్ చూడడానికి వెళ్లిన కుటుంబం మామూలుగా గాలి, వెలుతురు, కిచెన్ సైజు, మసీదు, స్కూల్ ఎంత దూరం అనేవి చూసుకుంటుంది. ఎర్తింగ్ పనిచేస్తోందా, బాత్‌రూమ్ నీళ్లు కింది ఫ్లాట్ స్లాబ్‌లోకి దిగుతున్నాయా అన్నది చాలామంది చూడరు. ఇవి చూసి రాతపూర్వకంగా చెప్పడానికి ఫీజు తీసుకుని వచ్చే మనిషే హోం ఇన్‌స్పెక్టర్.

వడ్డీ వద్దనుకునేవారికి ఇది ఇంకా ముఖ్యం. లోన్ తీసుకుంటే బ్యాంకు తన వకీలుతో కాగితాలు, వాల్యుయర్‌తో ఇంటి విలువ చూపించుకుంటుంది. చిట్టీ డబ్బు, గల్ఫ్ సంపాదన, అమ్మిన బంగారం కలిపి మొత్తం సొంతంగా కట్టే కుటుంబానికి ఆ తనిఖీ కూడా ఉండదు. అయినా బ్యాంకు వాల్యుయర్ వచ్చేది తాకట్టుకు ఇల్లు ఎంత చేస్తుందో తేల్చడానికే, లోపాలు వెతకడానికి కాదు.

ఎవరిని పెట్టుకోవాలి?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హోం ఇన్‌స్పెక్టర్‌కు లైసెన్సు ఉండాలి. మన దగ్గర అలాంటి లైసెన్సు లేదు. కాబట్టి మనిషిని మనమే పరీక్షించాలి. సివిల్ ఇంజినీరా, కరెంటు పని చూడగలడా అని అడగాలి. ఇంతకుముందు ఇచ్చిన రిపోర్టు ఒకటి చూపించమనాలి. బిల్డర్ గానీ బ్రోకర్ గానీ పంపిన మనిషిని ఒప్పుకోవద్దు. రిపేరు కాంట్రాక్టు కూడా తనకే ఇవ్వమనే వాడితో జాగ్రత్త. లోపాలు ఎక్కువ చూపిస్తే అతనికే లాభం.

ఫీజు ఎక్కువగా చదరపు అడుగు లెక్కన ఉంటుంది. జీఎస్టీ కలిపా, విడిగానా, రిపేర్ల తర్వాత రెండోసారి వస్తే మళ్లీ ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి.

ఏం చూస్తారు?

మాయిశ్చర్ మీటర్‌తో గోడల్లో చెమ్మ చూస్తారు. కొత్తగా పెయింట్ వేసి నెమ్ము మరకలు దాచినా మీటర్‌లో బయటపడే అవకాశం ఉంది. టైల్స్‌ను కర్రతో తట్టి డొల్ల శబ్దం వచ్చే చోట గుర్తు పెడతారు. బాత్‌రూమ్‌లో నీళ్లు పోసి వాలు జాలీ వైపు ఉందో లేదో చూస్తారు. ప్రతి ప్లగ్‌పాయింట్‌కు ఎర్తింగ్ టెస్ట్ చేస్తారు, షాక్ కొడితే కరెంటు ఆపే ఆర్‌సీసీబీ పనిచేస్తుందో నొక్కి చూస్తారు. కిటికీలు, తలుపులు, కుళాయి ప్రెషర్, గది కొలతలు కూడా చూస్తారు.

రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌కు రెండు మూడు గంటలు పట్టవచ్చు. అరగంటలో ముగించేస్తే అనుమానించాల్సిందే. ఇంటివాళ్లలో ఒకరు పక్కనే ఉండాలి. కరెంటు, నీళ్లు ఆ రోజు ఉండేలా అమ్మేవారికి ముందే చెప్పాలి. చివరికి ఫొటోలతో రిపోర్టు రావాలి, అందులో ప్రమాదకరమైనవి ఒకచోట, చిన్నాచితకవి ఒకచోట ఉండాలి.

ఏం చూడరు?

గోడలు పగలగొట్టరు, లోపలి ఇనుము చూడరు. పిల్లర్‌లో, బీమ్‌లో పగుళ్లు కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను విడిగా పిలవాలి. కాగితాల సంగతి కూడా ఇన్‌స్పెక్టర్ పని కాదు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మున్సిపల్ పర్మిషన్, చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందా, వక్ఫ్ భూమిగా నిషేధిత జాబితాలో ఉందా అన్నది వకీలుతో చూపించుకోవాలి. ఇల్లు ఎంత గట్టిదైనా కింద భూమి వివాదంలో ఉంటే పెట్టిన డబ్బుకు భరోసా లేదు. అందుకే ముందు కాగితాలు, తర్వాత ఇన్‌స్పెక్షన్.

రిపోర్టు వచ్చాక ఏం చేయాలి?

పాత ఇల్లయితే బయానా ఇచ్చే ముందే ఇన్‌స్పెక్షన్ చేయించడం మంచిది. కుదరకపోతే, పెద్ద లోపం బయటపడితే బయానా వాపసు ఇవ్వాలని అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి. రిపేరు ఖర్చు మేస్త్రీతో అంచనా వేయించి ధరలో తగ్గించమని అడగవచ్చు.

కొత్త ఫ్లాట్ అయితే తాళాలు తీసుకోకముందే లోపాల జాబితా బిల్డర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. 2016 రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం, పొజెషన్ ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడిగే హక్కు ఉంది.

అయితే 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటని స్థలంలో గానీ, 8 ఫ్లాట్లు మించకుండా గానీ కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గల్లీల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇలాంటివే. అక్కడ తర్వాత బిల్డర్ చుట్టూ తిరగడం కంటే, డబ్బు చేతిలో ఉన్నప్పుడే చూపించుకోవడం తేలిక.