భివండి రేవులో పడవలు కట్టినవారు

భివండి అనగానే మనకు మరమగ్గాల చప్పుడే గుర్తుకొస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుతెరువుకు వెళ్లిన పద్మశాలీ కుటుంబాలకు ఆ ఊరు తరతరాలుగా అన్నం పెట్టింది. వరాలా తలావ్ చుట్టుపక్కల కామత్‌ఘర్, పద్మానగర్ పేటల్లో తెలుగు మాట వినడానికి వెతుక్కోనక్కరలేదు. గట్టున వెలసిన వరాలదేవి పేరే ఆ చెరువుకు వచ్చింది. వినాయకుల నిమజ్జనం అందులోనే. అయితే మగ్గాల కంటే ముందు ఆ ఊళ్లో మరో వృత్తి సాగిందన్న సంగతి మనవాళ్లలో చాలామంది ఎరుగరు. సుమారు 365 సంవత్సరాల కిందట భివండి పడవలు కట్టిన ఊరు.

పడవలు కట్టింది ఈ చెరువులో కాదు. ఊరి పక్కనుంచి పారే కామ్‌వారీ నది ఉల్హాస్ నది పాయతో కలిసి వసయీ కయ్యలోకి, అక్కడినుంచి అరేబియా సముద్రంలోకి చేరుతుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు చాలా లోపలికి వస్తుంది. వెనక ఠాణా అడవుల్లో మంచి టేకు దొరికేది. కలప దగ్గర, నీరు దగ్గర, తుఫాను గాలి దూరం. ఓడ కట్టేవాడికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? పొరుగున ఉన్న కల్యాణ్ క్రీస్తుశకం తొలి శతాబ్దం నాటికే పేరున్న రేవు. గ్రీకు నావికుడి ‘పెరిప్లస్’ గ్రంథం దాన్ని పేర్కొంది. శాతవాహనులు ఆ తీరాన్నీ మన తూర్పు తీరాన్నీ కూడా ఏలినవారే. రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేసిన రాజులు కూడా వారే.

1657 చివర శివాజీ కల్యాణ్, భివండిలను బీజాపూర్ సుల్తానుల చేతినుంచి తీసుకున్నాడు. కొండకోటల్లో పెరిగిన మనిషికి మొదటిసారిగా కయ్య చేతికి వచ్చింది. జంజీరా సిద్దీలను ఎదిరించాలంటే గుర్రాలు చాలవు, ఓడలు కావాలి. వెంటనే పని మొదలుపెట్టించాడు. 1659లో గోవా పోర్చుగీసు అధికారులు తమ రాజుకు రాసిన లేఖలో భివండి, కల్యాణ్, పన్వేల్ రేవుల్లో ఈ యుద్ధనౌకలు తయారవుతున్న సంగతి తెలియజేశారు. ఆ రాతలో కనిపించేది మెచ్చుకోలు కాదు, బెంగ.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఆ ఓడలపని చూసినవారిలో పోర్చుగీసువారే ఉన్నారు. రుయ్ లైతావ్ వియేగస్ అనే అతని కింద, కుటుంబాలతో సహా 300 పైచిలుకు మంది శివాజీ కొలువులో చేరారు. కట్టేవి 20 దాకా సంగ్విసెల్ అనే సన్నని, తెడ్లతో నడిచే చురుకైన యుద్ధపడవలు. ఈ నౌకాదళం రేపు తమ మీదికే రాదన్న భరోసా ఏమిటని వసయీలోని పోర్చుగీసు అధికారి వియేగస్‌కు నచ్చజెప్పాడు. ఒక రాత్రి అతను తన మనుషులందరితో పని వదిలేసి వసయీకి వెళ్లిపోయాడు. పెళ్లాంబిడ్డలు వెంట ఉన్న మనిషి రాత్రికి రాత్రి కదలడం తేలిక కాదు. దీన్ని ద్రోహమని రాసినవారున్నారు. నాకు మాత్రం, రెండు ప్రభుత్వాల మధ్య ఇరుక్కున్న పనివాడు ఇల్లు కాపాడుకున్న తీరే ఇందులో కనిపిస్తుంది.

వారు పోయినా పని ఆగలేదు. 1665 ఫిబ్రవరి నాటికి శివాజీ తన నౌకలతో కన్నడ తీరాన బస్రూర్ దాకా వెళ్లి దాడి చేయగలిగాడు. అంటే ఆ కయ్యల ఒడ్డున ఎవరో దూలం చెక్కుతూనే ఉన్నారు, పలకలు వంచుతూనే ఉన్నారు. వారెవరు? కొలువు ఇచ్చిన రాజు పేరు ఉంది, విడిచిపోయిన నాయకుడి పేరు ఉంది. బాడిసె పట్టినవాడి పేరు లేదు.

అతని పనితనం మాత్రం ఊహకు అందనిది కాదు. మన దేశపు కొయ్యపడవలో పలకకూ పలకకూ మధ్య సందులో నూనె, గుగ్గిలం పట్టించిన పత్తిని ఉలితో కూరుతారు. ఒక్క వేలెడు సందు వదిలినా సముద్రం ఊరుకోదు. తెరచాప కూడా పత్తిబట్టే. నేతగాడు లేనిదే ఓడ లేదు. 1857 తిరుగుబాటు తరువాత ఉత్తరాది నుంచి మోమిన్ నేతగాళ్లు, ఆ వెనక మనవాళ్లు భివండి చేరారు గనుక వృత్తి మారిందంటాం గాని, పత్తి ఆ ఊరికి కొత్త కాదు.

మన తీరంలోనూ ఇదే కథ. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగిలో ఓడల మరమ్మతుకు 1802 నాటికే డాక్ ఉండేది. దాన్ని కట్టించిన ఎబెనెజర్ రోబక్ పేరు జిల్లా చరిత్రల్లో ఉంది. 1839 నవంబరు తుఫానులో ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఆ తరువాత కూడా పక్కనున్న తాళ్లరేవులో వడ్రంగులు కొయ్య ఓడలు కట్టారు. కాగితం మీద గీత లేకుండా కంటి అంచనాతో, తండ్రి చేతినుంచి కొడుకు చేతికి వచ్చిన విద్య అది. రోబక్ పేరు పక్కన రాయవలసిన పేర్లు ఎన్నో.

పనివాడి పేరు నిలవడం అసాధ్యమేమీ కాదు. అమరావతి స్తూపంలో పూర్ణఘటం చెక్కిన ఒక రాతిపలక ఉంది. దాన్ని దానమిచ్చినవాడు విధికుడనే చర్మకారుడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకొని, తల్లిని, భార్యను, అన్నదమ్ములను, కొడుకు నాగుడిని, కూతుళ్లను, బంధుమిత్రులను కూడా ఆ దానంలో కలుపుకొన్నాడు. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం అప్పటికే ఉందన్నమాట. తోలుపని చేసి ఇల్లు నడిపిన ఒక మనిషి దాదాపు రెండు వేల ఏళ్లుగా కుటుంబంతో సహా మన ఎదుట నిలబడి ఉన్నాడు.

భివండి మరమగ్గాల కార్మికుడికి అలాంటి పలక లేదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో వలసను మూడు మాటల్లో చెబుతారు. ఆ బొంబాయిలో భివండి కూడా ఒక భాగమే. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక భివండి మగ్గాలు ఇంకా పెరిగాయి. పన్నెండు గంటల షిఫ్టు, ఒకే గదిని పగటివాళ్లూ రాత్రివాళ్లూ వంతులవారీగా పంచుకోవడం, బిస్సీలో భోజనం, మీటరు లెక్కన కూలి, మిగిలింది ఇంటికి మనియార్డరు. భార్యాబిడ్డలను తెచ్చుకోగలిగినవారి ఇళ్లలో ఆడవాళ్లు కండెలు చుట్టారు. 1970లో, 1984లో మతకలహాలు ఊరిని కాల్చినప్పుడు వియేగస్‌కు వచ్చిన ప్రశ్నే ఎందరికో వచ్చింది: ఉండాలా, పోవాలా? మగ్గం పని నేర్చి తిరిగి వచ్చినవారి వల్లనే సిరిసిల్లలో మరమగ్గాలు పెరిగాయి.

వీరి చరిత్రను మగ్గాల సంఖ్యతో, సమ్మెల తేదీలతో రాయడం మొదలుపెడితే మళ్లీ ఎవరి పేరూ మిగలదు. మన విద్యార్థులెవరైనా భివండి వెళితే ముందు వరాలా తలావ్ గట్టున కూర్చునే పెద్దలను పలకరించాలి. పేరు, ఇంటిపేరు, విడిచివచ్చిన ఊరు, మొదటి షిఫ్టు ఎక్కిన సంవత్సరం, భార్య పేరు, పిల్లల పేర్లు రాసుకోవాలి. కూలి లెక్కలు ఆ తరువాత అడగవచ్చు.