పంతుళ్లకు పాఠం చెప్పే పంతుళ్లు

ప్రాక్టీస్ టీచింగ్ రోజుల్లో విశాఖపట్నం సీతమ్మధారలోనో, పక్కనున్న అక్కయ్యపాలెంలోనో ఏదైనా జీవీఎంసీ (నగరపాలక) బడికి వెళ్లి చూడండి. మేజా మీద అట్టవేసిన లెసన్ ప్లాన్ పుస్తకం, మేకుకు వేలాడే చార్టు, దాని పక్కన చెమటలు కక్కుతూ బీఈడీ విద్యార్థిని. చిట్టచివరి బెంచీలో ఆమె సూపర్‌వైజర్. గంట కొట్టేలోపు పుస్తకంలో ఎర్రసిరాతో రెండు ముక్కలు పడతాయి: 'ప్రేరణ బాగుంది. నల్లబల్ల పని మెరుగుపడాలి.' ఆ రెండు ముక్కలు రాసే అర్హత ఆ సూపర్‌వైజర్‌కు ఎలా వచ్చింది? ఏం చదివారు? అరవైమంది పిల్లలున్న తరగతిని ఏడాది పొడుగునా ఎప్పుడైనా నడిపారా? నూటయాభై ఏళ్లకు పైబడిన కాలంలో ఈ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మారింది.

1854 నాటి వుడ్ తాఖీదు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలంది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూల్ వెలిసింది. సైదాపేట టీచర్స్ కాలేజీగా పేరుపడింది అదే. తెలుగు జిల్లాలవారికి రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ 1894లో వచ్చింది. ఆనాడు బడి, తనిఖీ, శిక్షణ అన్నీ ఒకే విద్యాశాఖ గొడుగు కింద ఉండేవి. నిన్న హెడ్మాస్టరు, ఇవాళ ఇన్‌స్పెక్టరు, రేపు ట్రైనింగ్ కాలేజీ అధ్యాపకుడు. బదిలీ ఉత్తర్వు ఎటు పంపితే అటు. పైస్థానాల్లో దొరలుండేవారు. వారికి తెలిసిన విద్య తరగతి నిర్వహణ, పాఠాన్ని మెట్లుమెట్లుగా కట్టడం. పిల్లవాడి మనసు ఎలా పనిచేస్తుందో చెప్పగలవాళ్లు అరుదు. ఎంత అరుదంటే, 1910లో ఎల్.టి. (ఉపాధ్యాయ శిక్షణ పట్టా) చదవడానికి సైదాపేట వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తోటి విద్యార్థులకు తానే మనస్తత్వశాస్త్రం మీద ఉపన్యాసాలిచ్చారు. 1912లో అచ్చయిన ఆయన 'ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ' అలా పుట్టిందే. తత్వశాస్త్రంలో ఎం.ఏ. ముగించి ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాడు ట్రైనింగ్ కాలేజీలో పాఠం చెప్పాల్సివచ్చిందంటే, ఆ కాలేజీకి ఏం కొరతో తెలుస్తూనే ఉంది.

మన తీరంలో అదే కాలంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు తెలుగు నేర్చుకోబోతే ఒక చిక్కు ఎదురైంది. జనం మాట్లాడేది ఒకటి, బళ్లో పుస్తకంలో ఉన్నది మరొకటి. ఆయన అడిగింది విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను. ఆ సంగతి విజయనగరంలో గురజాడ అప్పారావు దాకా, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి దాకా వెళ్లింది. ఆ తర్వాత నడిచిన వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. మొదట్లో అది బోధన గురించిన గొడవే: పిల్లవాడికి ఏ తెలుగులో పాఠం చెబితే ఎక్కుతుంది? బోధనాశాస్త్రంలో తెలుగునాట లేచిన తొలి పెద్ద ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. దాన్ని లేవనెత్తింది ఒక ఇన్‌స్పెక్టరు, ఒక కాలేజీ ప్రిన్సిపాల్, ఏళ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు. శిక్షణ కళాశాల నుంచి రాలేదు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఊళ్లు తిరిగిన చలం 'బిడ్డల శిక్షణ' రాశారన్నదీ ఇక్కడ గుర్తుచేసుకోదగ్గదే.

విశ్వవిద్యాలయాలకు విద్యాశాస్త్ర విభాగాలుండాలని కలకత్తా యూనివర్సిటీ కమిషన్ 1917-19లో సూచించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరింది. తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి అంతకుముందు మైసూరు సంస్థానంలో విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్. 1931లో ఆ కుర్చీలోకి వచ్చిన రాధాకృష్ణన్ ఎల్.టి. చేసినవారు. అంటే మద్దిలపాలెం పక్కనున్న ఈ గుట్టల మీద విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన ఇద్దరికీ బడి వాసన తెలుసు.

అందుకే కాబోలు, 1948-49లో రాధాకృష్ణన్ అధ్యక్షతన నడిచిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ శిక్షణ కళాశాలల గురించి మొహమాటం లేకుండా మాట్లాడింది. సిద్ధాంతం తగ్గించి బడిలో అభ్యాసానికి ఎక్కువ సమయం ఇమ్మంది. అధ్యాపకులను ఎక్కువగా బడిలో పాఠం చెప్పిన అనుభవం ఉన్నవాళ్ల నుంచే తీసుకోమంది. తర్వాత 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్ ఇంకొంచెం ముందుకెళ్లింది. శిక్షణ పొందిన పట్టభద్రులు మామూలుగా మూడేళ్లయినా పాఠం చెప్పాకే ఎం.ఎడ్.లో చేరాలంది. శిక్షణ కళాశాల ప్రొఫెసర్లు, ఎంపికచేసిన హెడ్మాస్టర్లు, తనిఖీ అధికారులు ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్లివస్తూ ఉండాలంది. పాతకాలపు విద్యాశాఖలో బదిలీల పుణ్యాన జరిగినదాన్నే కోరి చేయమని ఆ మాటకు అర్థం.

కొఠారీ కమిషన్ (1964-66) త్రాసును మరోవైపు వంచింది. బోధించే విషయంలో ఒక పీజీ, విద్యాశాస్త్రంలో ఇంకో పీజీ, పదిశాతం మందికి డాక్టరేట్. మనస్తత్వం, సమాజశాస్త్రం, సైన్సు, గణితం క్షుణ్ణంగా తెలిసినవాళ్లయితే వృత్తి శిక్షణ లేకపోయినా తీసుకోవచ్చంది. ఆ మాటలోనూ న్యాయం ఉంది. బడి అనుభవం ఒక్కటే చాలనుకుంటే, తాము నేర్చుకున్న అలవాట్లనే తరానికి తరం అప్పజెప్పుకుంటూ పోతారు. చిక్కేమిటంటే, ఈ సలహాలన్నిట్లో కాగితం మీద కొలవడానికి వీలైనవి డిగ్రీలే. అవే నిలిచాయి. మొదలియార్ అడిగిన మూడేళ్లు ఇప్పటి నిబంధనల్లో కనబడవు. బీఈడీ ముగించిన ఏడాదే ఎం.ఎడ్.లో చేరొచ్చు. ఆ పైన నెట్, పీహెచ్‌డీ.

1963లో మైసూరులో వచ్చిన ప్రాంతీయ విద్యా కళాశాల, 1968లో వచ్చిన తెలుగు అకాడమీ దక్షిణాదిలో ఈ రంగానికి కొంత బలమిచ్చాయి. బీఈడీ పుస్తకాలు తెలుగులో రావడం వల్ల ప్రభుత్వ బడుల్లో చదివి వచ్చిన పిల్లలకు మేలు జరిగింది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత డైట్‌లు (జిల్లా విద్యా శిక్షణ సంస్థలు) వచ్చాయి. విశాఖ జిల్లాది భీమునిపట్నంలో ఉంది. అక్కడ డెప్యుటేషన్ మీద పాఠాలు చెప్పిన స్కూల్ అసిస్టెంట్లను డిగ్రీల లెక్కలో తక్కువగా చూసేవారు. పిల్లలకు అక్షరం ఎలా ఎక్కుతుందో వాళ్ల దగ్గరే నేర్చుకున్నామని చెప్పే ప్రాథమిక బడుల ఎస్జీటీలకు మాత్రం కొదవలేదు. ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచిన కాలం గురించి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) చట్టం 1993లో వచ్చింది. 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయింది. వంద సీట్లకు ప్రిన్సిపాల్‌తో కలిపి పదహారుమంది అధ్యాపకులుండాలి: విద్యా దృక్పథాలకు నలుగురు, బోధనా విషయాలకు ఎనిమిదిమంది, వ్యాయామానికి, చిత్రకళకు, ప్రదర్శన కళలకు ఒక్కొక్కరు. సంగీతం మేస్టారుకు బీఈడీ కళాశాలలో చోటు దొరకడం నిజంగా ముచ్చటైన సంగతి. బోధనా విషయాల అధ్యాపకులకు మామూలుగా ఆ సబ్జెక్టులో పీజీ, ఎం.ఎడ్. ఉండాలి. గణిత బోధన చెప్పే మనిషి ఒక్కరోజైనా తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పి ఉండాలన్న షరతు అందులో లేదు. వార్డులో వైద్యం నేర్పే ప్రొఫెసర్ రోగిని చూడకుండా ఉండడు. మన రంగంలో ఆ వెసులుబాటు ఉంది.

ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానంతో ఇంటర్ కాగానే చేరే నాలుగేళ్ల సమీకృత కోర్సు వచ్చింది. అందులో ఫిజిక్స్ చెప్పేది ఫిజిక్స్ విభాగం, బోధన చెప్పేది విద్యాశాస్త్ర విభాగం. అధ్యాపకుల నేపథ్యాలు రకరకాలుగా ఉండాలనీ, భాషాశాస్త్రం, శిశు వికాసం, అర్థశాస్త్రం చదివినవాళ్లూ రావాలనీ ఆ పత్రం కోరింది. బోధనానుభవానికి, క్షేత్రానుభవానికి ఎంతో విలువ ఇస్తామనీ అంది. ఇంటర్వ్యూ పట్టికలో ఆ విలువ ఎన్ని మార్కులో మాత్రం ఆ పత్రంలో రాయలేదు.