లింకు ప్రివ్యూలో చీర అంచు తెగిపోకుండా ఉండాలంటే: చిత్ర పరిమాణాల ఎంపిక

సూరత్: సింథటిక్ చీరల తయారీకి పేరొందిన ఈ గుజరాత్ నగరంలో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు అనేకం స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడుపుతోంది. చీరల వ్యాపారి తన వెబ్ పేజీ లింకును వాట్సాప్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో పంపినప్పుడు కొనుగోలుదారుకు మొదట కనిపించేది ప్రివ్యూ చిత్రమే. అందులో అంచు, కొంగు తెగిపోతే చీర ప్రత్యేకతే కనిపించదు.

ప్రివ్యూ ఎలా ఏర్పడుతుంది?

ఫేస్‌బుక్ 2010లో ‘ఓపెన్ గ్రాఫ్’ విధానాన్ని ప్రవేశపెట్టింది. పేజీ కోడ్‌లోని ‘ఓజీ:ఇమేజ్’ ట్యాగులో ఏ చిత్రం చిరునామా ఇస్తే ప్రివ్యూలో ఆ చిత్రమే వస్తుంది. ట్యాగు లేకుంటే పేజీలోని లోగో వంటి మరేదో చిత్రం రావచ్చు, అసలు చిత్రమే రాకపోవచ్చు.

ఎంత పరిమాణం ఉండాలి?

* ఫేస్‌బుక్: 1200×630 పిక్సెళ్లు, అంటే 1.91:1 నిష్పత్తి. పెద్ద చిత్రంగా కనిపించాలంటే కనీసం 600×315 ఉండాలి.
* లింక్డ్‌ఇన్: 1200×627.
* ఎక్స్: పెద్ద చిత్రపు కార్డుకు 2:1 నిష్పత్తి, చిన్న కార్డుకు చతురస్రం.
* వాట్సాప్: వెడల్పు కనీసం 300 పిక్సెళ్లు. ఫైలు 300 కేబీ లోపు ఉంటే ఇబ్బంది ఉండదు.

వీటన్నింటికీ ఒకే చిత్రం వాడదలిస్తే 1200×630 అనుకూలం.

నిలువు ఫొటోతో చిక్కు

చీరల ఫొటోలు సాధారణంగా నిలువుగా ఉంటాయి. 1080×1350 ఫొటోను 1.91:1 చట్రానికి కత్తిరిస్తే 565 పిక్సెళ్ల ఎత్తు మాత్రమే మిగులుతుంది. అంటే దాదాపు 58 శాతం భాగం పోతుంది. నడుము వద్ద మడతలు కనిపిస్తాయి, పాదాల వద్ద అంచు కనిపించదు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. 1200×630 సాదా నేపథ్యాన్ని తీసుకుని, నిలువు ఫొటోను 480×600కు కుదించి సరిగ్గా మధ్యలో అమర్చాలి. 2:1 నిష్పత్తికి కత్తిరించినప్పుడు పైన, కింద 15 పిక్సెళ్ల చొప్పున, చతురస్రానికి కత్తిరించినప్పుడు ఇరువైపులా 285 పిక్సెళ్ల చొప్పున నేపథ్యమే పోతుంది. చీర మాత్రం పూర్తిగా మిగులుతుంది.

ఇతర జాగ్రత్తలు

ఫొటోలకు జేపెగ్ రూపం మేలు. పీఎన్‌జీలో ఫైలు బరువు పెరుగుతుంది. ఎస్‌వీజీ రూపాన్ని ఎక్స్ కార్డులు స్వీకరించవు. చిత్రంపై తెలుగు అక్షరాలు వేయదలిస్తే రెండు మూడు పదాలకు పరిమితం కావాలి. చిన్న తెరపై వత్తులు, గుణింతాలు కలిసిపోయి చదవడం కష్టమవుతుంది. ధరను చిత్రంపై కాకుండా పేజీ వివరణలో రాస్తే మార్చుకోవడం సులువు.

‘ఓజీ:ఇమేజ్’లో చిత్రం చిరునామాను ‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలుపెట్టి పూర్తిగా ఇవ్వాలి. వెడల్పు, ఎత్తు ట్యాగులు కూడా చేరిస్తే తొలిసారి పంచుకున్నప్పుడే ఫేస్‌బుక్‌లో చిత్రం కనిపిస్తుంది.

చిత్రం మార్చినా పాతదే కనిపిస్తుంటే, ఆ వేదిక దాన్ని దాచుకుందని అర్థం. ఫేస్‌బుక్ ‘షేరింగ్ డీబగ్గర్’లో, లింక్డ్‌ఇన్ ‘పోస్ట్ ఇన్‌స్పెక్టర్’లో లింకును మళ్లీ పరిశీలింపజేయాలి. కొత్త చిత్రానికి కొత్త ఫైలు పేరు పెట్టడం మరో మార్గం. ఖాతాదారులకు పంపే ముందు లింకును సొంత ఫోన్‌కు ఒకసారి పంపి చూసుకోవడం ఉత్తమం.