స్థూలోత్పత్తి లెక్కలు – జీవన ప్రమాణం: మొగల్తూరు, నరసాపురం డెల్టా ప్రాంతంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

స్థూల దేశీయోత్పత్తి (జీడీపీ) ఒక ప్రాంత ప్రజల జీవన ప్రమాణాన్ని ఎంతవరకు తెలుపుతుందన్న ప్రశ్న ఆఫ్రికా దేశాల విషయంలో విస్తృతంగా చర్చకు వచ్చింది. అదే ప్రశ్నను గోదావరి డెల్టాలోని మొగల్తూరు, నరసాపురం ప్రాంతానికి అన్వయించి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. లేసు అల్లిక, గల్ఫ్ వలస, రొయ్యల సాగు అనే మూడు జీవనాధారాలు ఉత్పత్తి లెక్కల్లో ఎక్కడ కనిపిస్తాయో, ఎక్కడ కనుమరుగవుతాయో ఇందులో చూపడం జరిగింది. లెక్కలోని లోపం కూడికలో కంటే, దేనిని ఉత్పత్తిగా గుర్తించాలన్న నిర్ణయంలోనే ఎక్కువగా ఉందని ఈ పరిశీలన నిరూపిస్తుంది.

కీలక పదాలు: స్థూలోత్పత్తి, తలసరి ఆదాయం, ఉత్పత్తి పరిధి, లేసు పరిశ్రమ, ఆక్వా సాగు, గల్ఫ్ వలస, మొగల్తూరు

1. ఉపోద్ఘాతం

పశ్చిమగోదావరి జిల్లాలో, డెల్టా కాలువల శివారున, సముద్రానికి చేరువలో ఉన్న ప్రాంతం మొగల్తూరు. ఒకప్పుడు జమీందారీ కేంద్రంగా పేరొందిన ఈ గ్రామం చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తరించాయి. ఇక్కడి ఇళ్ళ అరుగుల మీద స్త్రీలు లేసు అల్లుతారు. ఈ ప్రాంతపు కుటుంబాల నుండి ఎందరో స్త్రీలు కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళారు.

ఉత్పత్తి లెక్కల్లో ఇది సంపన్న ప్రాంతం. అయితే ఆ సంపద ఎవరి ఇంటికి, ఏ రూపంలో, ఏ మూల్యానికి చేరుతున్నదో ఆ లెక్క చెప్పదు. ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే ముందుగా ఆ లెక్క పుట్టుకను పరిశీలించాలి.

2. తలసరి ఆదాయ గణన – చారిత్రక నేపథ్యం

ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1852 నాటికి పూర్తయింది. కరవు సీమగా ఉన్న డెల్టా మాగాణిగా మారింది. ఆనాటి ప్రభుత్వం ఈ మార్పును ప్రధానంగా శిస్తు రాబడితోనూ, సరకు రవాణాతోనూ కొలిచింది. పాలకుడికి కనబడవలసినది రాబడి కనుక కొలత కూడా అదే అయింది.

ప్రజల పక్షాన నిలిచి లెక్క కట్టిన తొలి భారతీయుడు దాదాభాయి నౌరోజీ. 1876లో సమర్పించిన భారత దారిద్ర్యం గురించిన పత్రంలో ఆయన తలసరి వార్షికాదాయాన్ని సుమారు 20 రూపాయలుగా తేల్చారు. అంతటితో ఆగక, జైలు ఖైదీలకూ, వలస కూలీలకూ ఇచ్చే ఆహారపు ఖర్చుతో ఆ మొత్తాన్ని పోల్చారు. సగటు భారతీయుడికి ఖైదీపాటి తిండి కూడా దక్కడం లేదన్నది ఆయన వాదంలోని సారం. తలసరి ఆదాయాన్ని జీవితావసరాల పక్కన పెట్టి చదవాలన్న పద్ధతి భారతదేశంలో ఆ విధంగా తొలినాళ్ళలోనే ఏర్పడింది.

అమెరికాలో సైమన్ కుజ్నెట్స్ 1934లో జాతీయాదాయ నివేదికను సమర్పించారు. జాతీయాదాయం నుండి ప్రజల సంక్షేమాన్ని నేరుగా ఊహించరాదని ఆ నివేదికలోనే హెచ్చరించారు. భారతదేశంలో వి.కె.ఆర్.వి. రావు 1931–32 సంవత్సరానికి శాస్త్రీయమైన అంచనాలను రూపొందించారు. స్వాతంత్ర్యానంతరం 1949లో పి.సి. మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘం ఏర్పడింది. డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు అందులో సభ్యులు. నేటి రాష్ట్ర, జిల్లా ఉత్పత్తి గణాంకాలకు ఈ కృషే పునాది.

3. ఉత్పత్తి లెక్క వెల్లడించే అంశాలు

స్థూలోత్పత్తి లెక్కను నిష్ప్రయోజకమని కొట్టివేయడం సరికాదు. వలస పాలనలోని దారిద్ర్యాన్ని వాదనగా కాక రుజువుగా నిలిపినది నౌరోజీ చూపిన సగటే. సాగుదారుడు అమ్మకుండా ఇంటి గాదెకు తరలించుకున్న ధాన్యానికి కూడా భారతీయ గణాంకాలు విలువ కడతాయి. కనుక మార్కెట్టుకు రాని పంట అంతా లెక్కలోకి రాదనుకోవడం పొరపాటు.

వ్యవసాయ రంగంలో వరి వాటా, మత్స్యరంగం వాటా ఏ కాలంలో ఎలా మారాయో ఈ లెక్కల ద్వారానే తెలుస్తుంది. 1980ల చివర మొదలైన టైగర్ రొయ్య సాగు, 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వల్ల కలిగిన పతనం, 2009లో అనుమతి పొందిన వెనామీ రకంతో వచ్చిన విస్తరణ – ఈ మూడు దశలనూ అనుసరించడానికి ఉత్పత్తి, ఎగుమతి గణాంకాలే ఆధారం. రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో అగ్రస్థానానికి చేరింది. భీమవరం ఆ వ్యాపారానికి కేంద్రమైంది. ఇది వాస్తవమైన మార్పే. ఎంత పండిందో ఈ లెక్క చెబుతుంది. భూయజమానికి కౌలుగా ఎంత పోయింది, కౌలుదారునికి ఎంత మిగిలింది, చెరువు కూలీకి ఎంత ముట్టింది అన్నది మాత్రం దాని పరిధిలో లేదు.

4. ఉత్పత్తి పరిధి – లేసు అల్లిక

జాతీయాదాయ గణనలో అత్యంత కీలకమైన నిర్ణయం ఉత్పత్తి పరిధి. ఏ పని ఉత్పత్తి, ఏ పని కాదు అన్న గీత అది. ఆఫ్రికాలో ఈ గీత గురించి తొలినాళ్ళలోనే వివాదం తలెత్తింది. 1940లలో ఉత్తర రొడీషియా (నేటి జాంబియా), న్యాసాలాండ్ (నేటి మలావి) ఆదాయాలను లెక్కించిన ఫిలిస్ డీన్ గ్రామాలకు వెళ్ళి పరిశీలించారు. స్త్రీలు కట్టెలు తేవడం, ధాన్యం దంచడం, వండడం వంటి పనులను వదిలివేస్తే అక్కడి గ్రామీణ ఆదాయపు స్వరూపమే తప్పుతుందని గ్రహించారు. 1953లో వెలువడిన అంతర్జాతీయ గణన ప్రమాణాలు మాత్రం ఇంటి సేవలను పరిధికి వెలుపలనే ఉంచాయి. 1993 సవరణలో సొంత వాడకానికి చేసే వస్తూత్పత్తి అంతా, నీళ్ళు మోసి తేవడంతో సహా, పరిధిలోకి వచ్చింది. వంట, శిశుపోషణ, వృద్ధుల సేవ నేటికీ వెలుపలే ఉన్నాయి.

నరసాపురం లేసు ఈ గీతకు ఇరువైపులా నిలిచే ఉదాహరణ. 19వ శతాబ్ది మధ్యకాలంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన అల్లిక క్రమంగా విదేశీ ఎగుమతి పరిశ్రమగా ఎదిగింది. వ్యాపారి దారం ఇస్తాడు. అతని తరఫు మధ్యవర్తి ఊళ్ళో ఇంటింటికీ పంచుతాడు. స్త్రీలు అల్లి ఇస్తారు. కూలి ముక్కల లెక్కన వస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఈ ప్రాంతంలో క్షేత్రపరిశోధన చేసి, 1982లో నరసాపురం లేసు కార్మికులపై గ్రంథాన్ని వెలువరించారు. ఘోషా పాటించే పేద కాపు కుటుంబాల స్త్రీలు గృహిణులుగానే పరిగణింపబడుతూ ప్రపంచ మార్కెట్టుకు సరకు తయారుచేస్తున్నారనీ, వారి పనిని తీరిక వేళ వ్యాపకంగా చూడటమే అత్యల్ప కూలికి ఆధారమైందనీ ఆమె నిరూపించారు. జనగణన పట్టికలలో ఆ స్త్రీలలో అధికులు కార్మికులుగా నమోదు కాలేదు.

ఈ నమోదు లోపం గణనపద్ధతిలోనూ ఫలితం చూపుతుంది. అసంఘటిత రంగంలో ఉత్పత్తిని చాలావరకు కార్మికుల సంఖ్యను, ఒక్కో కార్మికుని సగటు జోడింపు విలువతో గుణించి అంచనా వేస్తారు. గణకుడు వచ్చినప్పుడు "ఇంట్లోనే ఉంటుంది" అన్న ఒక్క సమాధానంతో ఆమె కార్మికురాలి వరుస నుండి తప్పుకుంటుంది. ఆమె శ్రమ విలువ కూడా అంచనా నుండి జారిపోతుంది. రేవులో ఎగుమతి విలువ నమోదవుతుంది, అల్లిన చేయి నమోదు కాదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సరకుకు గుర్తింపు వచ్చినంత సులభంగా శ్రమకు రాలేదన్నది గమనార్హం.

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దేశ స్థాయిలో ఉన్న ఈ అంతరం స్థూలోత్పత్తిలో ఎక్కడా ప్రతిఫలించదు.

5. ఒకే శ్రమ, రెండు లెక్కలు – గల్ఫ్ వలస

ఇంటిమనిషిని గృహస్థుడు వివాహమాడితే జాతీయాదాయం తగ్గుతుందని ఆర్థికవేత్త పిగూ ఒక వైరుధ్యాన్ని ఎత్తిచూపారు. డెల్టా స్త్రీల వలస ఆ వైరుధ్యాన్ని రెండు దేశాల మధ్య నిలిపింది. మొగల్తూరు ప్రాంతంలోని స్త్రీ తన ఇంట్లో వండి, పిల్లలను పెంచి, అత్తమామలను కనిపెట్టుకుని ఉంటే ఆ పని విలువ సున్న. ఆమె కువైట్‌లోని ఒక ఇంట్లో అవే పనులు జీతానికి చేస్తే అది ఆ దేశపు స్థూలోత్పత్తిలో చేరుతుంది. ఆమె లేని ఇంట్లో తల్లో, పెద్ద కూతురో మోసే భారం మళ్ళీ సున్నగానే ఉంటుంది.

ఆమె పంపే డబ్బు ఈ జిల్లా ఉత్పత్తిలో నేరుగా కలవదు. ఆ డబ్బుతో డాబా కట్టినప్పుడు నిర్మాణ రంగంలోనూ, బడి ఫీజు కట్టినప్పుడు విద్యా సేవల్లోనూ అది కనిపిస్తుంది. అంటే ఫలితం కనబడుతుంది గాని మూలం కనబడదు. ఆఫ్రికాలోని లెసోతో దీనికి సమాంతరమైన ఉదాహరణ. దక్షిణాఫ్రికా గనులలో పనిచేసిన లెసోతో పురుషుల వేతనాల వల్ల ఆ దేశపు జాతీయాదాయం చాలాకాలం దేశీయోత్పత్తిని మించి ఉండేది. కుటుంబాల కొనుగోలు శక్తిని తెలుసుకోవాలంటే ఉత్పత్తి కంటే ఆదాయాన్నే చూడాలి. ఎడబాటు మూల్యం తెలుసుకోవడానికి ఆ రెండూ చాలవు.

6. చెరువు, నీరు, ప్రాణం – తీసివేతలు లేని లెక్క

స్థూలోత్పత్తిలో 'స్థూల' అన్న మాటకు అరుగుదలను తీసివేయనిది అని అర్థం. యంత్రాల అరుగుదలను మినహాయిస్తే నికర ఉత్పత్తి వస్తుంది. అయితే భూగర్భ జలం ఉప్పుబారడం, పంట బోదెలూ మురుగు కాలువలూ కలుషితం కావడం వంటి అరుగుదలకు ఇంతవరకు ఆ మినహాయింపులో కూడా చోటు లేకపోయింది.

ఈ లోపాన్ని భారత న్యాయస్థానం ఎదుర్కొన్న సందర్భం ఒకటుంది. తీరప్రాంత రొయ్యల సాగుపై ఎస్. జగన్నాథ్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాలను పరిశీలించి, పర్యావరణ, సామాజిక నష్టం ఈ సాగు వల్ల వచ్చే లాభాన్ని మించిపోతున్నదని నివేదించింది. ఎగుమతి ఆదాయం ఒకవైపు, సాగుభూమి, తాగునీరు, ఉపాధి నష్టం మరొకవైపు పెట్టి తూచిన అరుదైన లెక్క అది. ఉత్పత్తి గణాంకాలు ఒకవైపు తూకం మాత్రమే చూపుతాయి. ఆ తీర్పు తరువాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. సాగు కొనసాగింది, నియంత్రణ విధానం మారింది.

తాగునీటి విషయం ఇంకా స్పష్టమైనది. కాలువ నీటితో నిండే మంచినీటి చెరువు ఊరికి దాహం తీర్చినంతకాలం ఆ నీటికి బజారు ధర లేదు. నీరు పాడై ఇంటింటా నీళ్ళ టిన్ను కొనవలసి వస్తే ఆ ఖర్చు, శుద్ధి యంత్రం, రవాణా, అన్నీ ఉత్పత్తిలో చేరతాయి. కుటుంబం నష్టపోయినచోట లెక్క పెరుగుతుంది. కలుషిత నీటివల్ల వచ్చే జబ్బుకు చేసే ఆసుపత్రి ఖర్చు కూడా ఇటువంటిదే.

2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలోని ఒక ఆక్వా శుద్ధి కర్మాగారంలో తొట్టె శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువు బారినపడి మరణించారు. భీమవరం సమీపంలోని తుందుర్రు పరిసర గ్రామాలలో అప్పటికే ఆక్వా ఫుడ్‌పార్కు వ్యర్థజలాల గురించి ఆందోళన సాగుతోంది. ఆ సంవత్సరపు మత్స్యరంగ ఉత్పత్తిలో శుద్ధి చేసిన రొయ్య విలువ ఉంటుంది. ఆ ఐదు ప్రాణాలకు అందులో వరుస లేదు. గ్రామస్థులు లేవనెత్తిన ప్రశ్న కూడా ఇదే: వృద్ధి లెక్క ఒకరిది, దాని భారం మరొకరిది ఎందుకు కావాలి?

7. మారే అంకెలు, మారని జీవితాలు

2014 ఏప్రిల్‌లో నైజీరియా తన గణన ఆధార సంవత్సరాన్ని 1990 నుండి 2010కి మార్చింది. టెలిఫోను, సినిమా మొదలైన రంగాల విలువ కొత్తగా చేరడంతో 2013 సంవత్సరపు ఉత్పత్తి అంచనా 89 శాతం పెరిగి, ఆ దేశం దక్షిణాఫ్రికాను దాటి ఖండంలో మొదటి స్థానానికి చేరింది. ఆ ప్రకటనతో ఏ ఇంటి భోజనమూ మారలేదు. ఈక్వటోరియల్ గినీలో పెట్రోలియం వల్ల తలసరి ఉత్పత్తి ఆఫ్రికాలోనే ఉన్నత స్థాయిని అందుకున్నా ప్రజల ఆరోగ్య, విద్యా స్థితి ఆ స్థాయికి చేరలేదు.

భారతదేశం కూడా ఇటువంటి మార్పుకు అతీతం కాదు. 2015 జనవరిలో ఆధార సంవత్సరం 2011–12కు మారినప్పుడు 2013–14 వృద్ధిరేటు 4.7 నుండి 6.9 శాతానికి సవరింపబడింది. జిల్లా స్థాయిలో సరిహద్దులే మారాయి. 2022 ఏప్రిల్ 4న భీమవరం కేంద్రంగా కొత్త పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి, ఏలూరు ప్రాంతం వేరయింది. పాత జిల్లా తలసరి ఆదాయాన్ని కొత్త జిల్లా తలసరి ఆదాయంతో నేరుగా పోల్చి, దానిని ప్రజల పురోగతిగానో తిరోగతిగానో చెప్పడం పరిశోధనలో దోషమవుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- స్థూలోత్పత్తి ఒక ప్రాంతపు ఆర్థిక కార్యకలాపాల పరిమాణాన్ని, నిర్మాణంలోని మార్పును విశ్వసనీయంగా తెలుపగలదు. పంపిణీని, శ్రమభారాన్ని, ప్రకృతి వనరుల క్షయాన్ని తెలుపలేదు.

- నరసాపురం లేసు స్త్రీల విషయంలో లెక్కించడం అసాధ్యం కాలేదు. వారిని కార్మికులుగా గుర్తించకపోవడం వల్లనే లెక్క తప్పింది. జాంబియా, మలావి గ్రామాలలో ఫిలిస్ డీన్ ఎదుర్కొన్న సమస్యకూ దీనికీ మూలం ఒక్కటే.

- గల్ఫ్ వలస ఉన్న ప్రాంతంలో జిల్లా ఉత్పత్తిని కుటుంబ ఆదాయానికి పర్యాయంగా వాడరాదు.

- రొయ్యల సాగు విలువను తాగునీటి స్థితితోనూ, కార్మిక భద్రతతోనూ కలిపి చదవాలి. సహజ వనరుల క్షయాన్ని ఉత్పత్తి వ్యయంగా పరిగణించాలని 2025లో ఆమోదం పొందిన అంతర్జాతీయ గణన ప్రమాణాలు సూచిస్తున్నాయి. డెల్టా జిల్లాలలో ఆ పద్ధతిని అన్వయించే అవకాశం పరిశోధకుల ముందుంది.

నౌరోజీ తలసరి ఆదాయాన్ని ఖైదీ భోజనంతో పోల్చి చదివారు. నేటి మొగల్తూరు తలసరి ఆదాయాన్ని నీళ్ళ టిన్ను ధరతో, లేసు ముక్క కూలితో, తొట్టెలోకి దిగే కార్మికుని రక్షణతో పోల్చి చదవడమే ఆ సంప్రదాయానికి తగిన కొనసాగింపు.