పండు మీద చెక్కడం – దస్తర్‌ఖాన్ మర్యాద: ఒక చారిత్రక పరిశీలన

సికింద్రాబాద్‌లోని షాదీఖానాలలో, ఫంక్షన్ హాళ్లలో జరిగే వలీమా విందులలో భోజన బల్లల నడుమ చెక్కిన పుచ్చకాయలు కనిపించడం నేడు సర్వసాధారణమైనది. ఎర్రని గుజ్జులో విచ్చుకొన్న గులాబీ రేకులు, పచ్చని తొక్కపై వధూవరుల పేర్లు, బొప్పాయితో మలచిన పూలు, ముల్లంగితో మలచిన హంసలు వచ్చినవారి కళ్లను ఆకట్టుకొంటున్నాయి. వీటిని చూచి ముచ్చటపడి, ఇది నవాబుల నాటి మన వైభవమని చెప్పేవారు కొందరు. ఇది పరాయి వారి అనుకరణ అనీ, శుద్ధ దుబారా అనీ ముఖం తిప్పుకొనేవారు మరికొందరు. చరిత్రను కొంచెం ఓపికగా పరిశీలిస్తే ఈ రెండు మాటలూ సగం సత్యాలేనని తేలుతుంది. ముస్లిం సమాజాలకు పండును, తీపిని అలంకారంగా మలచే కళ కొత్తది కాదు. అయితే ఆ అలంకారం చివరకు ఎవరి నోటికి చేరినది అన్న ప్రశ్న కూడా ఆ కళతో పాటే నడుస్తూ వచ్చింది.

సుఫ్రా – ఖివాన్

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఎత్తయిన భోజన బల్ల మీద భుజించేవారు కాదని, నేలపై పరచిన సుఫ్రా మీదనే భుజించేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. బల్లకు అందులో వాడిన పదం ఖివాన్. ఆనాటి సంపన్నుల ఇళ్లలో బల్ల హోదాకు చిహ్నం. సుఫ్రా అంటే ప్రయాణంలో ఆహారం కట్టుకొని, విప్పి, దాని మీదనే తినే తోలు పరుపు. మన దస్తర్‌ఖాన్ ఆ సుఫ్రా వంశానికి చెందినదే. దాని చుట్టూ కూర్చున్నవారందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. వడ్డించినది అందరి చేతికీ అందుతుంది.

అలాగని పండు పట్ల ఆయనకు నిరాసక్తత ఉండినదని కాదు. కర్బూజాను పండు ఖర్జూరంతో కలిపి తినేవారనీ, ఒకదాని వేడిని మరొకదాని చలువ విరుస్తుందని భావించేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. రుచిని ఆస్వాదించడం, రెండు పండ్ల గుణాలను జత చేయడం సున్నత్‌లో ఉన్నది. పండును హోదాకు గుర్తుగా నిలబెట్టడం అందులో లేదు. తరువాతి శతాబ్దాలలో రాజాస్థానాలు వెలసినప్పుడు సుఫ్రా మళ్లీ ఖివాన్‌గా మారింది. అలంకార భోజన కళ చరిత్ర అక్కడినుండి మొదలవుతుంది.

కైరో నుండి ఇస్తాంబుల్ వరకు

క్రీ.శ. 1047లో కైరో చేరిన పారసీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో తన సఫర్‌నామాలో ఫాతిమీ ఖలీఫా ముస్తన్‌సిర్ పండుగ విందును వర్ణించాడు. ఆ విందు కోసం 50,000 మన్‌ల (ఆనాటి తూకం) చక్కెర కేటాయించారట. బల్లపై ఒక నారింజ చెట్టు నిలిచి ఉన్నది. కొమ్మ, ఆకు, కాయ సర్వం చక్కెరతో చేసినవే. దాని చుట్టూ చక్కెర బొమ్మలు లెక్కలేనన్ని. పండును చెక్కడం కాదు గాని, పండు రూపాన్నే విందుకు నడిబొడ్డున నిలిపిన పని అది.

అయితే అదే కైరోలో ఖలీఫా అజీజ్ (975–996) కాలంలో 'దారుల్ ఫిత్రా' అనే శాల ఏర్పడింది. పండుగకు పంచవలసిన పిండివంటలు, మిఠాయిలు అక్కడ తయారయ్యేవి. పండుగ బల్ల మీది పదార్థాలను జనం మోసుకొని పోయేవారని చరిత్రకారుడు మఖ్రీజీ (1364–1442) వ్రాశాడు. అంటే వైభవ ప్రదర్శన జరిగినా, దాని చివరి మజిలీ ప్రజల ఇళ్లే.

ఉస్మానియా రాజధానిలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. సుల్తాన్ మూడవ మురాద్ కుమారుడు మెహ్మెద్ సున్నతీ ఉత్సవం 1582లో ఇస్తాంబుల్‌లోని అశ్వక్రీడా మైదానంలో 50 రోజులకు పైగా సాగినది. చక్కెరతో చేసిన ఏనుగులను, సింహాలను, పక్షులను ఊరేగించారు. మైనపు పండ్లతో, పూలతో అలంకరించిన 'నఖిల్' అనే ఎత్తయిన స్తంభాలను మోసుకొని వచ్చారు. మైదానంలో వరుసగా పెట్టిన అన్నపు గిన్నెలపై జనం ఒక్కుమ్మడిగా పడి తీసుకొనే ఆచారానికి 'చనాక్ యగ్మాసీ' అని పేరు. 'యగ్మా' అంటే దోచుకోవడం. అది రాజు అనుమతించిన దోపిడీ, పేదల హక్కు.

మూడవ అహ్మద్ సుల్తాన్ 1705లో తోప్‌కాపీ ప్రాసాదంలో కట్టించుకొన్న చిన్న భోజన గది 'యెమిష్ ఒదాసీ', అంటే పండ్ల గది. దాని గోడల నిండా పండ్ల గిన్నెలు, పూల కూజాలు చిత్రించి ఉన్నాయి. కళాకారుడి చేతికి, రాజు కంటికి కావలసిన తృప్తి అక్కడ గోడ మీదనే లభించింది. పళ్లెంలో ఉన్న పండు తినడానికి మిగిలింది.

మొగలుల చాకు, దక్కను బల్ల

హిందూస్థాన్‌లో మొగలులకు పండు అంటే స్వదేశపు స్మృతి. కాబుల్ కర్బూజాను కోసినప్పుడు తనకు కన్నీరు ఆగలేదని బాబర్ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. అబుల్ ఫజల్ 'ఆయీనె అక్బరీ'లో పండ్లకు ఒక అధ్యాయమే కేటాయించి వాటి ధరలను, రుతువులను నమోదు చేశాడు. ఆగ్రాలోని ఇతిమాదుద్దౌలా సమాధి గోడలపై పండ్ల పళ్లేలు, కూజాలు, సైప్రస్ చెట్లు నేటికీ చూడవచ్చు. దానిని కట్టించినది ఆయన కుమార్తె నూర్జహాన్. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో రత్నాలు పొదిగిన ఒక పచ్చరాతి పండ్ల చాకు ఆమె పేరుతోనే ప్రసిద్ధి పొందింది. దానిని చూచినప్పుడు ఒక సంగతి స్ఫురిస్తుంది. ఆనాటి అలంకారమంతా చాకు పిడి మీద ఉన్నది. ఆ చాకు పని మాత్రం పండును కోసి పంచడమే.

ఆసఫ్‌జాహీ కాలంలో దక్కనులో దస్తర్‌ఖాన్, బల్ల రెండూ పక్కపక్కనే నడిచాయి. వికారుల్ ఉమ్రా 1884లో ప్రారంభించిన ఫలక్‌నుమా ప్రాసాదంలో 101 మంది కూర్చొనగల భోజన బల్ల ఉన్నది. ఇటువంటి పొడవాటి బల్లకు నడుమ ఏదో ఒక అలంకారం లేకపోతే బోసిగా కనిపిస్తుంది. దస్తర్‌ఖాన్‌కు ఆ అవసరం లేదు, వడ్డించిన పళ్లేలే దానికి అలంకారం. బల్ల వచ్చిన చోటికి దాని నడిమి అలంకారమూ వచ్చిందనడం చరిత్రకు దూరమైన మాట కాదు.

సికింద్రాబాద్ కథ

ఇక మన ఊరి సంగతి చూద్దాం. 1798 ఒడంబడికతో నిజాం రాజ్యంలో ఆంగ్ల కంపెనీ సైన్యం స్థిరపడింది. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఉన్న ఆ దండు ప్రదేశానికి 1806లో మూడవ నిజాం సికందర్ జాహ్ పేరు మీదుగా సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం పూర్తి అయినది. దానితో దూర ప్రాంతాల పండ్లు వాడిపోకుండా ఈ ఊరికి చేరే వీలు కలిగింది. 1878లో సికింద్రాబాద్ క్లబ్ ఆరంభమైనది.

ఆంగ్లేయుల విందులో చివరి అంకం పండ్లదే. ఎత్తు పీట గల పళ్లెంలో ఆకులు పరచి, పండ్లను గోపురంలా పేర్చి బల్ల నడుమ ఉంచడం విక్టోరియా కాలపు ఆచారం. దండులోని సైనిక మెస్సులలో, బంగళాలలో ఈ బల్లలను సర్దినవారు ఖాన్‌సామాలు, బట్లర్లు. ఈ వృత్తులలో ముస్లిములు గణనీయంగా ఉండేవారు. పేర్చే పనివాడు వేరు, చెక్కే పనివాడు వేరు. కాని పండు బల్ల మీద చూడడానికి కూడా ఉంటుందన్న అలవాటు ఈ ఊరిలో వారి చేతుల మీదుగానే కుదురుకొన్నది.

నేడు మనం చూస్తున్న లోతు చెక్కడం మాత్రం తూర్పు దేశాలది. థాయ్‌లాండ్ రాజప్రాసాదాలలో అంతఃపుర స్త్రీలు పండ్లను, కూరగాయలను పూలుగా చెక్కే విద్యను అభ్యసించేవారు. జపానులో ఇటువంటి పనికి 'ముకిమోనో' అని పేరు. ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో పెద్ద హోటళ్ల వంటశాలల ద్వారా, హోటల్ విద్య నేర్పే సంస్థల ద్వారా ఇది మన దేశంలో వ్యాపించింది. అక్కడినుండి కేటరింగ్ వారి చేతికి, వారి ద్వారా ఫంక్షన్ హాలుకు వచ్చింది. కనుక ఇది నేరుగా నవాబుల వారసత్వమూ కాదు, కేవలం పాశ్చాత్యుల అనుకరణా కాదు. ఎన్నో చేతులు మారి వచ్చిన విద్య.

పుచ్చకాయ తొక్క – ఫిఖ్హ్ చర్చ

ఈ సందర్భంలో పాఠకులకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి ఉన్నది. పుచ్చకాయతో చేసిన బొమ్మ మన ఫిఖ్హ్ గ్రంథాలలో ఏనాడో చర్చకు వచ్చింది. ప్రాణుల బొమ్మలను పండితులలో అత్యధికులు నిషిద్ధమన్నారు. ఈజిప్టుకు చెందిన మాలికీ పండితుడు అస్బగ్ (మరణం హి.శ. 225) మాత్రం ఎక్కువ కాలం నిలువని వస్తువుతో చేసిన బొమ్మ విషయంలో సడలింపు చూపినట్లు మాలికీ గ్రంథాలు పేర్కొంటున్నాయి. నిలువని వస్తువుకు ఉదాహరణగా వ్యాఖ్యాతలు చెప్పినవి పిండి ముద్ద, పుచ్చకాయ తొక్క! ఎండితే తునిగిపోతుంది గనుక అది నిలిచే విగ్రహం కాదని వారి తర్కం. అధిక సంఖ్యాకులు ఈ సడలింపును అంగీకరించలేదు. అయినా ఆ ఉదాహరణ ఎన్నుకొన్నారంటే, తొక్కను చెక్కే అలవాటు వారికి తెలిసినదే అయి ఉండాలి.

చేతిపనితో బ్రతికే ఒక చిత్రకారుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చిన ఉదంతం బుఖారీలో ఉన్నది. ప్రాణుల బొమ్మల గురించి ప్రవక్త (స) హెచ్చరికను విని ఆ మనిషి ముఖం పాలిపోయినది. అప్పుడు ఆయన అతనిని వృత్తి మానుకొమ్మనలేదు. చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకొమ్మని దారి చూపారు. మన ప్రాంతపు ముస్లిములలో అధికులు హనఫీలు. వారి విందులో హంసకు బదులు పువ్వు, నెమలికి బదులు తీగ, నక్షత్రం, అందమైన ఖత్ (లిపి) చెక్కమంటే ఏ పనివాడూ నష్టపోడు. పైగా తీగల అల్లిక, రేఖల కూర్పు ఇస్లామీయ కళకు పుట్టినిల్లు.

అసలు చిక్కు – ఇస్రాఫ్

బొమ్మ సమస్య తీరినా దుబారా సమస్య మిగిలే ఉన్నది. దివ్య ఖుర్ఆన్‌లో ఇస్రాఫ్‌ను నిషేధించిన ఆయతులలో ఒకటి (అన్‌ఆమ్ సూరా, 141) ప్రత్యేకించి తోటల గురించి, పండ్ల గురించి చెప్పే ఆయత్ కావడం గమనార్హం. పండును తినడం, కోతనాడు దాని హక్కు చెల్లించడం, మితిమీరకపోవడం అనే మూడు ఆదేశాలూ ఒకే చోట ఉన్నాయి.

ఈ పనిలో దుబారా ఎక్కడ జరుగుతున్నదో తెలియాలంటే చెక్కే విధానం తెలియాలి. పుచ్చకాయకు మూడు రంగుల పొరలుంటాయి. పైన ఆకుపచ్చ తొక్క, దాని కింద తెల్లని పొర, లోపల ఎర్రని గుజ్జు. సన్నని మొన గల చాకుతో పనివాడు ఎంత లోతుకు దిగితే ఆ రంగు బయటపడుతుంది. గులాబీ కావాలంటే తొక్క తీసివేసి, నడుమ మొగ్గను గీసి, చుట్టూ ఏటవాలుగా రేకులు కోస్తూ గుజ్జు దాకా పోవాలి. అప్పుడు గుజ్జుకు గాలి, ఈగలు, చేతులు తగులుతాయి. కోసిన పండు మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంటే తినడం మంచిది కాదు. మన ఊరి వేసవిలో ఆ గడువు ఇంకా తక్కువ. అర్ధరాత్రి దాకా సాగే విందులో ఆ పండు చివరకు చెత్త బుట్టకే పోతుంది. దానిని పారవేసేది వంటవాడి నిర్లక్ష్యం కాదు, చెక్కిన లోతు.

తొక్కను మాత్రమే చెక్కితే కథ వేరు. పచ్చని తొక్క మీద తెల్లని పొర వరకే గీస్తే పేర్లు, తీగలు, పూలు పచ్చ–తెలుపు రంగులలో చక్కగా నిలుస్తాయి. గుజ్జు మూసిన పెట్టెలో ఉన్నట్లే ఉంటుంది. విందు ముగియగానే కడిగి, కోసి, ముక్కలుగా పంచవచ్చు. ఫిఖ్హ్ వ్యాఖ్యాతలు ఉదాహరించిన ఆ తొక్కే ఈ చిక్కుకూ దారి చూపుతున్నది: అందం తొక్కకు, ఆహారం మనిషికి.

వలీమా పెట్టే సోదరులు కేటరింగ్ వారితో మాట్లాడేటప్పుడే రెండు షరతులు చెప్పవచ్చు. ఒకటి, తొక్క పని మాత్రమే చేయాలి, ప్రాణుల రూపాలు వద్దు. రెండు, చెక్కిన ప్రతి కాయను విందు చివర కోసి, వడ్డించేవారికి, గిన్నెలు కడిగేవారికి, గేటు వద్ద నిలిచిన బీదలకు పంచాలి. సంపన్నులను పిలిచి పేదలను వదలిన వలీమా భోజనాన్ని అతి చెడ్డ భోజనంగా హదీసులు పేర్కొన్నాయి. కనుక ఈ రెండవ షరతు మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా.

చెక్కే పనివానికి దీనివలన పని తగ్గదు. స్వహస్తాలతో సంపాదించిన ఆహారాన్ని శ్రేష్ఠమైనదిగా ప్రవక్త (స) ప్రశంసించారు, హజ్రత్ దావూద్ (అలై) ఆ విధంగానే భుజించేవారని తెలిపారు. ఆ పనివాని నైపుణ్యం గౌరవించదగినది. తాను చెక్కిన పండు కుప్పలో పడడం అతనికి మాత్రం ఏమి సంతోషం? ఫాతిమీల చక్కెర చెట్టు గాని, ఉస్మానీల ఊరేగింపు గాని రాజుల ఆడంబరమే. అయినా చివరకు జనం చేతికి చేరే ఒక ద్వారం అక్కడ తెరచి ఉన్నది. మనం వారి ఆడంబరాన్ని తెచ్చుకొని ఆ ద్వారాన్ని మూసివేస్తే, తెచ్చుకొన్నది నాగరికత కాదు, దాని తొక్క మాత్రమే.